దొర జీపు, బాపు చెయ్యి

లక్షెట్టిపేటలో మా ఇంటికి ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు. ఇటుకలు కనబడుతూనే ఉన్నాయి. కానీ ఇంటి పక్కన రేకుల షెడ్డు మాత్రం పడ్డది. ఆ షెడ్డు కింద 1968 నాటి మహీంద్రా జీపు ఒకటుంది. సీజే-3బి అంటారు దాన్ని. ఎత్తు బానెట్, ముందర ఏడు చీలికల జాలీ, తలుపుల్లేని పక్కలు. దాన్ని బాగుచేయడానికి నాకు నాలుగేండ్ల ఆదివారాలు, దసరా సెలవులు, ఎండకాలం సెలవులు పట్టినయి. జీతంలోంచి ఎంత పోయిందో మా ఇంటామెకు తెలిసిన లెక్క ఒకటి, నాకు తెలిసిన లెక్క ఒకటి.

పని సగంలో ఉండగా ఒక ఆదివారం ఒక అన్న వచ్చాడు. దళిత ఉద్యమంలో నాకంటే ముందునుంచి తిరిగినవాడు, నా చేత అంబేడ్కర్‌ను చదివించినవాడు. నేను బండి కింద పండుకొని ఉన్నాను. మోచేతుల దాక గ్రీజు. ఆయన జీపు చుట్టూ ఒకసారి తిరిగి, "దేశమంత ఎతికితే నీకు దొర జీపే దొరికిందా తమ్మీ?" అన్నాడు. నవ్వుకుంటనే అన్నాడు. చాయ్ తాగి పోయాడు. ఆ మాట మాత్రం పోలేదు. మనల్ని తొక్కిన వస్తువును మన చేతులతో మనమే మెరిపించవచ్చునా? మెరిపిస్తే ఏం మెరుస్తుంది? అన్నకు ఆనాడు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆయనకే. అయితే జవాబు నాకు మొత్తంగా దొరికిందని అనుకోవద్దు.

మాది పాత కరీంనగర్ జిల్లా, జగిత్యాల తాలూకాలో ఒక ఊరు. 2016లో జిల్లాలు ముక్కలు చేసినంక జగిత్యాలే జిల్లా అయింది. ఊరి నడుమ గడి. ఊరవతల మా మాదిగవాడ. ఊరి నుంచి కరీంనగర్ పోవాలంటే వాగు దాటాలి. జీపు అనేది అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి, 1941 నుంచి లక్షల సంఖ్యలో యుద్ధంలోకి దిగింది. మన దేశంలో మహీంద్రా వాళ్లు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. (స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద కుంభకోణం కూడా జీపులదే, 1948లో సైన్యం కోసం కొన్న జీపులది. బండి మంచి ముహూర్తానే వచ్చింది.) రోడ్డు లేనిచోటికి కూడా పోవడం దాని గుణం. మరి మా దిక్కు రోడ్డు లేని చోటికి బండెక్కి పోవలసిన అవసరం ఎవరికున్నది? దొరకు, పోలీసులకు, జంగ్లాత్ సార్లకు, ఓట్లప్పుడు లీడర్లకు. మిగతా వాళ్లమందరం అక్కడికి నడుచుకుంటనే పోయేవాళ్లం. అక్కడే ఉండేవాళ్లం గనుక.

మా ఊళ్లో జీపు చప్పుడు వినబడితే మంచాల మీద కూర్చున్నవాళ్లు లేచేవాళ్లట. చెప్పులున్నవాళ్లు చెప్పులు చేతిల పట్టుకునేవాళ్లట. చెప్పులు కుట్టేది మేము, చేతిల పట్టుకునేది కూడా మేమే. వాగు కాడ ఇసుకలో బండి దిగబడితే వాడకు కబురొచ్చేది. అది వెట్టి. పదిమంది పోయి నెట్టాలి. నెట్టినవాళ్ల మీద ఇసుక ఎగజిమ్మి బండి పోయేది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఈ జీపుకు గేరు కడ్డీ పక్కన ఇంకో రెండు చిన్న కడ్డీలుంటాయి. ఒకటి వేస్తే ముందు చక్రాలకు కూడా ఇంజన్ బలం అందుతుంది. జనం డబుల్ గేరు అంటారు. రెండోది వేస్తే బండి నెమ్మదిగా, ఎక్కువ బలంతో కదులుతుంది. ఆ రెండూ సరిగ్గా వేస్తే మా వాగు ఇసుక దానికి ఒక లెక్క కాదు. ఈ సంగతి నేను బండి విప్పినంకనే అర్థం చేసుకున్నాను. బాపును అడిగాను, డ్రైవరు డబుల్ గేరు వేసేవాడు కాదా అని. బాపు నా దిక్కు పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

"ఎందుకేస్తడు? డబుల్ గేరు ఏస్తె పెట్రోలు కాలుతది. మేం నెడితే ఏం కాలుతది?"

నేను భౌతికశాస్త్రం చెప్పే సారును. పని అంటే ఏమిటో, శక్తి అంటే ఏమిటో పిల్లలకు సూత్రాలు రాయిస్తాను. బాపు చెప్పిన లెక్క ఏ పాఠంలోనూ లేదు.

బాపు చెయ్యి సంగతి చెప్పాలి. 1976లో, బాపుకు పద్దెనిమిదేండ్లప్పుడు, ఒక చలికాలం పొద్దున దొర కరీంనగర్ పోవాల్సి ఉంది. బండి స్టార్ట్ కాలేదు. డ్రైవరు సీట్లో కూర్చొని, బాపును ముందర హ్యాండిలు తిప్పమన్నాడు. నాలుగోసారికి ఇంజన్ ఎదురు తన్నింది. హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగి బాపు కుడి మణికట్టు విరిచింది. దొర అరుగు మీదనుంచి చూస్తున్నాడట. "తోలు గీకేటోనికి మిషన్ పట్టుడు ఎట్లొస్తదిరా" అన్నాడట. ఇంకొకడు వచ్చి హ్యాండిలు తిప్పాడు. బండి పోయింది. ఊళ్లో కట్టుకట్టే ముసలాయన వెదురుబద్దలు పెట్టి కట్టాడు. ఎముక వంకరగానే అతికింది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది కూడా ఆ యేడే. చట్టం ఢిల్లీ నుంచి మా వాగు దాటాలంటే దాన్ని కూడా ఎవరన్నా నెట్టాలి గావచ్చు. రెండేండ్లకు నెట్టినవాళ్లు వచ్చారు. 1978 సెప్టెంబరులో జగిత్యాలకు వేలమంది కూలీలు ఊరేగింపుగా పోయారు. దాన్నే జైత్రయాత్ర అన్నారు. మా వాడ నుంచి కూడా పోయిన్రు. అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. మా దొర అదే జీపులో పట్నం చేరాడు.

వంకర చేతితో బాపు ఆరె పట్టలేకపోయాడు. తోలు గుచ్చి దారం లాగాలంటే మణికట్టు తిరగాలి. తాతతోనే మా ఇంట్ల తోలుపని ఆగిపోయింది. బాపు కూలికి పోయాడు, నన్ను బడికి పంపాడు. మా వంశంల నేనే మొదటి డిగ్రీవాణ్ని, 2012 డీఎస్సీలో మాస్టరునైన. ఆ చెయ్యి విరగకపోతే నేను ఈ వ్యాసం రాసేవాణ్నా? ఈ ప్రశ్న నాకు చానా రాత్రులు నిద్ర పట్టనియ్యలేదు. విరగ్గొట్టినోనికి బాకీ ఉన్నట్టు వినబడే ప్రశ్న ఇది. దీన్ని నేను ఒప్పుకోను. తాత దగ్గర తోలుపని నేర్చుకుంటూనే నేను చదువుకొని ఉండవచ్చు. రెండిట్ల ఒకటే ఏరుకొమ్మన్నది ఎవరు?

2019లో గడి స్థలం ప్లాట్లు చేసి అమ్మారు. కూలిన గోడల మధ్య జీపు ఉంది, రావిమొక్క దాని ఫ్లోరులోంచి మొలిచి ఉంది. పాత ఇనుము సేటు తూకం లెక్కన ఎత్తుకపోతున్నాడు. నేను అడ్డం పోయి ఆ తూకం మీద ఇంకొంత ఇచ్చి కొన్నాను. ఎందుకు కొన్నానో ఆ రోజు నిజంగా తెలియదు. చిన్నప్పుడు మా దోస్తులు గోడ సందులోంచి దూరి దాని బంపరు మీద కూర్చునేవాళ్లు. నేను కూర్చోలేదు, బాపు కొడతాడని. అది ఒక్కటే కారణమైతే ఇది వట్టి సరదా. డీసీఎం మీద ఎక్కించి ధర్మపురి, రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటించి తెచ్చాను. బాపు ఆరునెలలు షెడ్డు దిక్కు రాలేదు. అవ్వతో మాత్రం అన్నాడట, "చేతికి మసి అంటొద్దని సదివిస్తే ఆదివారం ఆదివారం మసి కొనుక్కుంటుండు."

ఈ మాట నన్ను బాగా పొడిచింది. బళ్లో పిల్లలకు ఏ పనైనా గొప్పదేనని పాఠం చెబుతాం. చెప్పేవాళ్లలో ఎక్కువమందికి ఏ పనీ పుట్టుకతో అంటగట్టబడలేదు. అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో శ్రమవిభజన పేరుతో కులాన్ని సమర్థించేవాళ్లను నిలదీశాడు, మనిషి తన పనిని తాను ఎంచుకునే వీలు లేనప్పుడు ఆ పని అతనికేమవుతుందని. నేను ఎంచుకున్నాను. ఆదివారం బండి కింద దూరి సోమవారం తెల్లచొక్కాతో బడికి పోతున్నాను. అదే గ్రీజు, అదే పానా. మధ్యలో ఒక సర్కారు జీతం ఉంది. వెట్టికీ సరదాకూ నడుమ తేడా చేతిలో లేదు, ఆ చేతి వెనుక ఉన్న అన్నం గిన్నెలో ఉంది. బాపు కోపం నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది.

పని చెప్పింది మంచిర్యాల నుంచి వచ్చే ఒక ఉస్తాద్. ఇంజన్ జామ్ అయి ఉంది. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాలలో డీజిల్ పోసి పదిరోజులు వదిలేశాం. పదకొండోరోజు కొంచెం కదిలింది. ఆ క్షణం మా ఉస్తాద్ ముఖం చూడాలి, బిడ్డ పుట్టినట్టు. 2020లో కరోనాతో బడులు మూసినప్పుడు కమాన్ పట్టీలు విప్పి తుప్పు గీకాను. ఫ్లోరు రేకులు కోసి కొత్తవి అతికించాం. చిన్నసామాను సికింద్రాబాదు రాణిగంజులో, జుమ్మేరాత్ బజారులో ఏరుకొచ్చాను. బాడీ రంగు గీకుతుంటే పొర కింద పొర వచ్చింది. పైన పసుపు, దాని కింద తెలుపు, తెలుపు మీద ఒక ఎన్నికల గుర్తు సగం, అన్నిటి కింద ఆకుపచ్చ. ఒకే బండి, ఒకే దొర, మూడు రంగులు.

ఇన్ని మార్చినంక ఇది పాత జీపేనా అని ఉస్తాద్‌ను అడిగాను. "ఇంజన్ మారుతది సార్, బాడీ మారుతది, ఓనరు మారుతడు. చాసిస్ నంబరు మారదు. ఆర్టీవో ఆఫీసుల ముందుగల్ల అదే చూస్తరు" అన్నాడు. తుప్పు గీకి, కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది నంబరు అచ్చు తీశాడు. ఆ అంకెలు ఒక్కొక్కటి కాగితం మీద తేలుతుంటే నాకు లక్షెట్టిపేటలో అద్దె ఇల్లు వెతికిన రోజులు గుర్తొచ్చాయి. ఎమ్మెస్సీ, బీఈడీ, సర్కారు నౌకరి అన్నీ విని, చివరికి ఓనరు, "అది సరే గని, మీరేమోళ్లు సార్?" మా మీద కూడా పెన్సిలు పెట్టి రుద్దుతూనే ఉన్నారు.

బాపు మొదటిసారి మాట్లాడింది చక్రాలు విప్పేరోజు. ఎడమపక్క చక్రం నట్లు ఎంత తిప్పినా రాలేదు. నేను, ఉస్తాద్ దగ్గరి పిల్లగాడు పైపు తొడిగి బలమంతా పెట్టాం. ఒక స్టడ్డు తెగింది. రెండోదానికి పోతుంటే అరుగు మీదనుంచి, "ఆ పక్క ఎడమచుట్లు ఉంటయి, ఉల్టా తిప్పు" అన్నాడు. ఉల్టా తిప్పితే వచ్చింది. ఎడమ చక్రాలు తిరుగుతూ తిరుగుతూ నట్లు వదులుకాకుండా ఆ కాలంలో అట్ల చేసేవాళ్లు. ఉస్తాద్ అప్పుడు లేడు, ఉంటే చెప్పేవాడే. చెప్పింది బాపు. జీపులో ఒక్కనాడు కూర్చోని మనిషి. పంక్చరైన ప్రతిసారీ చక్రం విప్పినవాడు.

అప్పటినుంచి నాకు ఇది దొర జీపు అనే మాటే అనుమానంగా ఉంది. దొర ఎన్నడూ బానెట్ ఎత్తలేదు. రేడియేటరులో నీళ్లు పోసింది మావాళ్లు, నెట్టింది మావాళ్లు, తుడిచింది మావాళ్లు. కానీ అన్నా, ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. బండి మాదేనని గర్వంగా చెప్పుకుంటే వెట్టిని కూడా ఆస్తిలాగ చెప్పుకున్నట్టవుతుంది. ఎడమచుట్ల సంగతి చెప్పినప్పుడు బాపు ముఖంలో ఒక వెలుగు ఉంది, వెంటనే అది ఆరిపోయింది. ఆ రెండూ చూశాను. ఏది నిజమంటే చెప్పలేను.

తర్వాత సీట్ల సంగతి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతబండ్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏండ్లు దాటి, పెద్దగా మార్పుచేర్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు, నంబరులో 'వీఏ' అక్షరాలు, కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయల ఫీజు. అట్లాంటి బండ్లు సేకరించే ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. మంచి మనిషే, మర్యాదగా మాట్లాడాడు. ఐదు లక్షలు ఇస్తానన్నాడు. ఇంట్ల ఆమె కళ్లల్లో ప్లాస్టరింగ్ అయిన గోడలు కనబడ్డాయి. ఆయన షరతు ఒక్కటే. ముందు సీట్లు పీకేసి కంపెనీ రకం రెగ్జిన్ సీట్లు వెయ్యాలి. "ఇది లోకల్ జాబ్ సార్, ఒరిజినల్ కాదు" అన్నాడు.

ఆ సీట్లు బర్రెతోలువి. ఎలుకలు కొరికినా ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆయన పోయినంక బాపు వచ్చి సీటు అంచు వేలితో తడిమాడు. "ఇది మా బాపు కుట్టు" అన్నాడు. రెగ్జిన్ చిరిగితే దొర తాతను పిలిపించాడట. తాత తంగేడుచెక్కతో ఊనిన తోలు తెచ్చి, వారంరోజులు గడి వాకిట్లో కూర్చొని కుట్టాడట. కూలి లేదు. కుట్టు ఆఖర్న తాత వారును రెండుసార్లు తిప్పి ముడేసేవాడు, ఎద్దుమెడకు మువ్వలపట్టీ కుట్టినా అదే ముడి. ఆ ముడి అక్కడుంది. మా తాతకు ఫోటో లేదు, ఓటరుకార్డు లేదు, సమాధి మీద రాయి లేదు. ఊళ్లో తాత చేసిన మోటబొక్కెనలు మోటార్లు వచ్చినంక కుళ్లిపోయాయి. ఆయన చేతిది మిగిలింది ఈ రెండు సీట్లే, దొర పిర్రల కింద.

ఒరిజినల్ అంటే ఏ రోజుది? ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుదా? వింటేజ్ అంటే 50 ఏండ్లు గడిచినందుకు ఇచ్చే గౌరవం, కానీ ఆ 50 ఏండ్లల్ల జరిగిందంతా తుడిచేస్తేనే ధర. పాత కట్టడాల కథ కూడా ఇంతే. దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. రాళ్లు నిలబెట్టిన పనితనం మంచిదే, కాదనను. కానీ ఇట్లాంటి గోడలు చూసినప్పుడల్లా అవి మోసినవాళ్ల వీపులు ఏ వారసత్వం కింద రాస్తారా అనిపిస్తుంది. నేను సీట్లు పీకలేదు. ఐదు లక్షలు పోయినయి. ఇంటామె రెండునెలలు నాతో సరిగా మాట్లాడలేదు, ఆమెది తప్పనను.

ఇంతవరకు చదివితే నేనేదో గెలిచినట్టు ఉంది. 2022లో కాగితాలయి, ఫిట్‌నెస్ అయి, రోడ్డెక్కినంక జీపును నేను పనిచేసే బడికి తీసుకుపోయాను. జన్నారం దాటినంక, కవ్వాల అడవి అంచున. మా బళ్లో గోండు పిల్లలు ఎక్కువ. గేర్లు, లీవర్లు చూపిస్తే పాఠం బాగా అర్థమవుతుందనుకున్నాను. ఊళ్లోకి మలుపు తిరుగుతుంటే ఒక ముసలమ్మ వాకిట్లో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లల్ని రెక్కపట్టి లోపలికి గుంజి తలుపేసింది. నేను హారను కూడా కొట్టలేదు. చప్పుడు చాలింది. ఆ దిక్కు ఈ చప్పుడంటే జంగ్లాత్ వాళ్లు, లేకపోతే పోలీసులు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపినప్పుడు సర్కారు చెప్పిన లెక్క 13 మంది. జనం లెక్క అంతకు ఎన్నోరెట్లు. ఆ ముసలమ్మ అప్పుడు యవ్వనంలో ఉండాలి. ఆమెను నేనేమీ అడగలేదు. ఏమని అడుగుతాను? సీటు మా తాత కుట్టిందని చెప్పనా?

ఆ యేడు టెన్త్ పిల్లల్ని పరీక్ష సెంటరుకు జీపులో దింపుతానంటే ఆమె మనుమరాలు ఆటోలో వస్తానంది. మిగతా పిల్లలు ఎగబడి ఎక్కారు. అప్పటినుంచి నేను ఆ ఊరికి బైకు మీదనే పోతున్నాను. నా వాడకు జరిగినదాన్ని ఈ జీపులో దాచుకునే హక్కు నాకున్నదనుకున్నాను. ఆమె గూడేనికి జరిగినదాన్ని రోజూ ఆమె గడప ముందర మోగించే హక్కు నాకెక్కడిది? అన్న అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబులన్నీ ఆమె తలుపు దగ్గర ఆగిపోతున్నాయి. పగలగొట్టు అంటారు కొందరు. పగలగొట్టినా తూకానికే పోతుంది, తాత ముడితో సహా.

ఒక్కటి మాత్రం చెప్పగలను. పాతబండ్లలో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చేత్తో సరిచేయాలి, టైమింగ్ పెట్టడం అంటారు. మొన్న ఎండకాలంలో ఉస్తాద్ అది నాచేతనే చేయించాడు. పిస్టన్ పైకి చేరేలోపలే రవ్వ బాగా ముందుగా పడితే, ఇంజన్ వెనక్కి తన్నుతుంది. హ్యాండిలు ఎదురు తిరిగేది అప్పుడు. తిప్పేవాని నేర్పుతో దానికి సంబంధం లేదు. డిస్ట్రిబ్యూటర్ చూసుకోవాల్సింది డ్రైవరు. నేను పానా కింద పెట్టి ఇంట్లోకి పోయి బాపుకు ఇది చెప్పాను. బోర్డు మీద చెప్పినట్టు, పలక మీద బొమ్మ గీసి చెప్పాను. పిస్టన్, రవ్వ, హ్యాండిలు. బాపు పలక చానాసేపు చూశాడు.

"అంటె నేను పట్టుడు తప్పు కాదా?"

"కాదు బాపూ. టైమింగ్ తప్పు."

"గట్లనా" అన్నాడు. ఇంకేం అనలేదు. నలభై ఏండ్లకు పైగా ఆయన తన చేతికే పనిరాదని అనుకుంటూ బతికాడని నాకు ఆ రోజే తెలిసింది. దొర అన్నమాట మీద ఆయనకు కోపమే ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. నమ్మాడని అనుకోలేదు.

నాలుగురోజులకు పొద్దున బ్యాటరీ దిగిపోయింది. సెల్ఫ్ కొడితే కిర్రుమంది, అంతే. బాపు లేచి వచ్చి సీటు కింద నుంచి హ్యాండిలు తీశాడు. మూడేండ్ల కింద దాన్ని చూసే షెడ్డులోంచి వెళ్లిపోయిన మనిషి. ముందర గుంజీలు తీసినట్టు కూర్చొని హ్యాండిలు లోపల తగిలించాడు. తను తిప్పుతాడేమోనని నాకు గుండె దడదడలాడింది. తిప్పలేదు. నన్ను పిలిచి నా చెయ్యి పట్టుకొని హ్యాండిలు మీద పెట్టాడు. నేను పిడికిలి బిగించాను. ఆయన వంకర చేత్తోనే నా బొటనవేలు విడదీసి ఈ పక్కకు జరిపాడు.

"బొటనవేలు సుట్టూ ఎయ్యకు. నాలుగు వేళ్ల పక్కకే పెట్టు. కిందికి నూకకు, మీదికి గుంజు. ఎదురు తన్నితే చెయ్యి ఊడొస్తది, ఇరగదు."

మీదికి గుంజాను.